పాడె మీద నవ్వు

“అన్నం తిన్నావా అమ్మా?”

“తిన్నాన్రా. నువ్వో?”

“ఇప్పుడే తిన్నాను. మోకాళ్ళెలా ఉన్నాయి? నూనె రాసుకుంటున్నావా, బద్ధకిస్తున్నావా?”

టేబుల్ మీద నిలబెట్టిన ఫోన్లో హీరో సృజన్ ముఖం నవ్వుతోంది. దాని ముందు కుర్చీలో అతని తల్లి లీలాకుమారి కూర్చుంది. ఫోన్‌కి కనపడకుండా కర్టెన్ వారగా నిలబడి చూస్తున్నాడు డిటెక్టివ్ త్రినాథరావు.

మాటలు అయిపోయాయి. ముఖం ఆరిపోయింది. లీలాకుమారి పమిట చెంగుతో ఫోన్ అద్దాన్ని తుడిచింది. పసిపిల్లాడి మూతి తుడిచినట్టు తుడిచింది.

“చూశారుగా?”

“చూశానండీ. మీ అబ్బాయే. గొంతు అదే, కళ్ళు అవే. నవ్వితే ఎడమ పక్కకి వంగే ఆ పెదవి కూడా...”

“అన్నీ వాడివే. వాడు మాత్రం కాదు.”

“ఎలా చెప్తున్నారు?”

“నా కొడుకు ఇంత మంచివాడు కాదండీ.”

త్రినాథరావు జూబ్లీహిల్స్‌లో ఎన్నో పెద్ద ఇళ్ళ డ్రాయింగ్ రూముల్లో ఎంతో మంది తల్లుల గోడు విన్నాడు. ఇలాంటి సాక్ష్యం ఎవరూ ఇవ్వలేదు.

“పెద్ద హీరో అయ్యాక వాడు నాకు ఫోన్ చేసింది తక్కువ” అందామె. “నేను చేస్తే, షాట్‌లో ఉన్నానమ్మా అనేవాడు. పండక్కి వస్తే సగం పూట ఆ ఫోన్లోకే చూస్తూ కూర్చునేవాడు. నాకు మోకాళ్ళ నొప్పులున్న సంగతే వాడికి తెలీదు. మొన్న తణుకులో ఉన్న మా చెల్లెలితో ఫోన్లో మొత్తుకున్నాను, అంతే. ఆ మర్నాటి నుంచీ ఇది నూనె గురించి అడుగుతోంది. ఎవరు విన్నారండీ మా మాటలు?”

“ఎప్పటి నుంచి ఇలా రోజూ చేస్తున్నాడు?”

“స్టూడియోలో వాడి రెస్టు బండి, ఆ కారవాన్ కాలిపోయిన రోజు నుంచి. పన్నెండు రోజులవుతోంది. డూప్ పోయాడన్న బాధలో ఉన్నాను, ఎవర్నీ కలవను, ఇంటికి రాలేను అంటాడు. తల్లిని కూడా కలవనంత బాధేంటండీ?” ఆమె గొంతు తగ్గింది. “వాడు బతికుంటే చెవి మెలేసి అడుగుతాను. లేకపోతే, వాడికి జరగాల్సినవి జరిపించాలి కదా. దినాలు దాటిపోతున్నాయి. ఉన్నాడనో లేడనో ఏదో ఒకటి తేల్చి చెప్పండి. నన్నిలా మధ్యలో వేలాడదీయొద్దు.”

* * *

కాలిపోయినవాడి పేరు సెబాస్టియన్ అని పోలీసులు రాసుకున్నారు.

యూసుఫ్‌గూడ మనిషి. తొమ్మిదేళ్ళుగా సృజన్‌కి డూప్. ఎత్తూ, భుజాలూ, నడకా ఒకటే. సృజన్ అని జనం ఈలలు వేసిన వీపుల్లో సగం సెబాస్టియన్ వీపులే. ముఖం కెమెరా వైపు తిప్పితే మాత్రం డైరెక్టర్ బూతులు తిట్టేవాడు. తొమ్మిదేళ్ళు వెనక్కి తిరిగి నిలబడి అన్నం తిన్న మనిషి.

‘జంటనీడ’ మొదటి భాగంలో హీరో తనలాంటి మనిషినే తయారుచేసుకుంటాడు. క్లోన్ అన్నమాట. మనిషి, వాడి నకలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ప్రతి సీన్‌లో రెండోవాడుగా నిలబడింది సెబాస్టియనే. పిక్చర్ ఆడింది. రెండో భాగం మొదలుపెట్టే ముందు నిర్మాత సుబ్రహ్మణ్యం సృజన్‌ని ఒక గదిలో కూర్చోబెట్టి, చుట్టూ కెమెరాలు పెట్టి, ముఖంలో ఉన్న ప్రతి ముడతా కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇక ఏ ఒంటి మీదయినా ఆ ముఖం అతికించుకోవచ్చు. సినిమాలో కథ ఏదో, కంపెనీ చేసే పని కూడా అదే అయింది.

తర్వాత ఒక సోమవారం పొద్దున్న ఆరున్నరకి స్టూడియో వెనక గేటు దగ్గర సృజన్ కారవాన్ తగలబడింది. లోపల గుర్తుపట్టలేని శవం. ఒంటి మీద ‘జంటనీడ’ డ్రెస్సు. ఆ డ్రెస్సు ఇద్దరూ వేసుకునేదే. రాత్రి షూటింగ్ అయ్యాక డూప్ అందులో పడుకున్నాడని సుబ్రహ్మణ్యం చెప్పాడు. మూడో రోజున మేకులు కొట్టేసిన పెట్టెని సెబాస్టియన్ తల్లి పుష్పకుమారికి అప్పజెప్పారు. చర్చి వాళ్ళు పాట పాడారు. మట్టి కప్పారు.

మర్నాడు పొద్దున్న ఫిల్మ్ నగర్‌లో స్టూడియో ఫ్లోర్ ముందు త్రినాథరావు ఆటో దిగేసరికి, మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ రవిచంద్ర టీ తాగుతూ ఎదురయ్యాడు.

“ఏంది త్రినాథరావు సాబ్, మళ్ళ సినిమాల్లకొస్తున్నరా? టిఫిన్ పొట్లాలు పంచే పని ఖాళీ ఉన్నదంట, చెప్పమంటరా సుబ్రహ్మణ్యం గారికి?”

త్రినాథరావు డిటెక్టివ్ కాకముందు ఇరవై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశాడు. ఆ సంగతి రవిచంద్ర కనపడినప్పుడల్లా గుర్తుచేస్తాడు.

“నేను పొట్లాలు పంచినప్పుడు ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో మనిషిని చూసి చెప్పేవాణ్ణండీ. మీరు శవాన్ని కూడా చూడకుండా పేరు రాసేశారు.”

రవిచంద్ర గ్లాసు గట్టు మీద పెట్టాడు. “జర మర్యాదగ మాట్లాడున్రి. కారవాన్ల కాలిపోయిన ఫోన్ సెబాస్టియన్‌ది. రాత్రంత గాడ్నే ఉంది. సృజన్ ఫోన్ జూబ్లీహిల్స్‌ల ఆయన సొంతింట్ల ఉంది. టవర్ రికార్డ్ ఉన్నది. ఇంకేం గావాలె?”

“అంటే ఎవరు చచ్చారో ఫోన్లని అడిగి రాసుకున్నారన్నమాట.”

“మనుషులు అబద్ధాలాడ్తరు. ఫోన్లు ఆడయ్.”

“ఈ వీధిలో ఏ హీరో తన ఫోన్ తను మోస్తాడండీ? మేనేజర్ జేబులో ఉంటుంది, లేకపోతే ఇంట్లో పడుంటుంది. డూప్‌కి ఛార్జింగ్ పెట్టుకోడానికి ప్లగ్గెక్కడుంటుంది? హీరో కారవాన్లో ఉంటుంది. ఫోన్ ఒక చోట, మనిషి ఒక చోట. ఇక్కడ అందరికీ ఇది మామూలే.”

రవిచంద్ర మొహం ఒక్క క్షణం మాడింది. మళ్ళీ నవ్వాడు.

“మంచిగ చెప్పిండ్రు. మరి పొద్దుగాల కాలిపోయినోడు మధ్యాహ్నం రెండు గంటలకు లేచొచ్చి నవ్విండా? కెమెరాల ఉన్నడు సృజన్. నేను ల్యాబ్‌కు పంపిన. ముఖం నూటికి నూరుపాళ్ళు ఆయనదే అని సాఫ్ట్‌వేర్ చెప్పింది. రండ్రి, సూపిస్త. గిది చూసినంక మీరు మీ ఇంటికి, నేను మా ఇంటికి.”

“పొద్దున్న ఒక మనిషి కాలిపోతే మధ్యాహ్నం షూటింగ్ చేశారా?”

“సినిమావోళ్ళు గద” అన్నాడు రవిచంద్ర. ఆ మాటలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

* * *

ఫ్లోర్ లోపల ఒక్క లైటే వెలుగుతోంది. మధ్యలో పాడె.

వెదురు బొంగులూ, కొబ్బరి తాళ్ళూ, మీద పరిచిన గడ్డీ. మధ్యలో అతికించాల్సిన ప్యాచ్ షాట్ ఒకటి మిగిలిందని విప్పకుండా ఉంచారు. బంతిపూలు ఎండి నల్లబడ్డాయి. కథ ప్రకారం ఇది క్లోన్ శవం. హీరో తనలాంటివాణ్ణి తనే మోసుకెళ్ళే సీన్.

త్రినాథరావు చెప్పులు విప్పాడు.

“గది సెట్టింగ్ సాబ్, నిజం పాడె గాదు” అన్నాడు రవిచంద్ర.

“తెలుసండీ. అయినా అలవాటు.”

మోకాళ్ళ మీద కూర్చుని తల వైపు నుంచి మొదలుపెట్టాడు. గడ్డిలో తల ఆనిన చోట పళ్ళెం లాగా గుంట పడింది. భుజాల దగ్గర ఒత్తిడి ఉంది. కుడి చెయ్యి ఉండాల్సిన చోట గడ్డి పక్కకి జరిగి ఉంది. వేళ్ళు లోపలికి పోనిచ్చాడు. దారం తగిలింది. మెల్లగా లాగితే చెక్క పూసల జపమాల బయటికొచ్చింది. చివర చిన్న శిలువ. దాని అంచులు పట్టుకుని పట్టుకుని అరిగిపోయాయి.

“శవంలా పడుకోవాలంటే ఎవరికైనా భయమే. అరచేతి కింద పెట్టుకుని పడుకున్నాడు” అన్నాడు త్రినాథరావు. “సృజన్ వాళ్ళది ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టే ఇల్లు.”

“అయితే? డూప్‌గాడు ముందురోజు లైటింగ్ కోసం పడుకొని ఉంటడు. ఆయన గవే పనులకు గద ఉండేది. పూసల దండ దొరికితే మనిషి బతికున్నట్టేనా?”

ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. త్రినాథరావు జపమాలని రుమాలులో చుట్టి రవిచంద్ర చేతికే ఇచ్చాడు.

“సరే. మీ రెండు గంటల నవ్వు చూపించండి.”

పక్కనున్న కంప్యూటర్ గదిలో గీతిక ఉంది. ముప్పై దాటని అమ్మాయి. నిర్మాత పెట్టిన డిజిటల్ విభాగానికి ఆమే పెద్ద. కళ్ళ కింద నల్లగా ఉంది. పోలీసుని చూసి లేచి నిలబడింది. త్రినాథరావుని చూసి మళ్ళీ కూర్చుంది.

“సోమవారం క్లిప్ వెయ్యండమ్మా” అన్నాడు రవిచంద్ర.

తెర మీద పాడె కనపడింది. దాని మీద పడుకున్న సృజన్ లేచి కూర్చున్నాడు. ముక్కులో దూది తీసేశాడు. కెమెరా వైపు చూసి నవ్వాడు. పళ్ళు కనపడేలా, తేటగా. క్లిప్ కింద తేదీ, టైము. సోమవారం, రెండు దాటి నాలుగు నిమిషాలు.

“సూసిండ్రా? కాలిపోయినోడు గిట్ల నవ్వుతడా?”

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ నవ్వు కథలో ఉందా?”

“ఏమో. గదంత నాకెందుకు?”

“కథలో లేదు. ఏ కథలోనూ ఉండదు. శవం వేషం వేసినవాణ్ణి పాడె దిగేలోపు నవ్వించి, ఆ నవ్వు మీద ఒక షాట్ తీస్తారు. లేకపోతే అరిష్టం అని మావాళ్ళ నమ్మకం. కెమెరా ఆఖరున చూసిన ముఖం చచ్చినట్టు ఉండకూడదని. పాడె మీద ఎవరు పడుకుంటే వాళ్ళ చేతే నవ్విస్తారు. వేరేవాళ్ళు నవ్వితే లెక్కలోకి రాదు.”

“అయితే పడుకున్నది సృజనే. అదే గద నేన్ జెప్పేది.”

“ఏ పెద్ద హీరో కూడా పాడె ఎక్కడండీ. ఇంట్లో అమ్మలు ఒప్పుకోరు, ఫ్యాన్స్ ఒప్పుకోరు, ఆఖరికి లైట్‌మాన్ కూడా ఒప్పుకోడు. అలాంటి షాట్‌కి డూప్‌ని పడుకోబెడతారు. ఇప్పుడైతే ముఖం తర్వాత అతికించుకోవచ్చు కాబట్టి అసలు ఆలోచించే పనే లేదు.” గీతిక వైపు తిరిగాడు. “అమ్మాయ్, ఇంకోసారి వెయ్యి. ఈసారి ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూద్దాం.”

లేచి వెళ్ళి తెర మీద సృజన్ ముఖానికి తన అరచెయ్యి ఆనించాడు. క్లిప్ మళ్ళీ నడిచింది.

ముఖం లేని మనిషి లేచి కూర్చున్నాడు. భుజాలు కిందకి జారిపోయాయి. మెడ నరం బిగుసుకుంది. ఛాతీ ఎగిరెగిరి పడింది. రెండుసార్లు ఊపిరి మధ్యలో తెగింది.

రవిచంద్ర ముందుకి వంగాడు.

“గిది... నవ్వు గాదు” అన్నాడు మెల్లగా.

“కాదు. ఇప్పుడు చెయ్యి చూడండి. మొదటిసారి పూలరేకులు దులుపుకుంటున్నాడు అనిపించింది కదా.”

తెర అంచున కుడిచెయ్యి లేచింది. నుదురు. గుండె. ఎడమ భుజం. కుడి భుజం. తర్వాత వేళ్ళు పెదవుల దాకా వెళ్ళాయి. క్లిప్ అయిపోయింది.

“ముఖం మార్చారు. శిలువ గుర్తు వేసుకున్న చేతిని వదిలేశారు” అన్నాడు త్రినాథరావు. “సోమవారం మధ్యాహ్నం సెబాస్టియన్ బతికే ఉన్నాడు. మరి పెట్టెలో ఉన్నదెవరమ్మా?”

గీతిక రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి వాటినే చూస్తోంది.

“జవాబు చెప్పమ్మా” అన్నాడు రవిచంద్ర. కసరలేదు. అతని గొంతు కూడా మారిపోయింది.

“ఎవరూ చంపలేదు సర్” అంది. “వైరింగ్. ఏసీ దగ్గర వైరింగ్. సృజన్ గారు నిద్రమాత్ర వేసుకుని పడుకున్నారు. అసలు లేవలేదు. సెబాస్టియనే ముందు పరిగెత్తాడు. తలుపు పట్టుకుని లాగి అరచేతులు కాల్చుకున్నాడు.” కళ్ళు తుడుచుకుంది. “సుబ్రహ్మణ్యం సర్ వచ్చి చూసి, అక్కడే మెట్ల మీద కూలబడ్డారు. తర్వాత నన్ను పిలిచారు. నెల రోజులు చాలు అన్నారు. సృజన్ లేడని తెలిస్తే పిక్చర్ చచ్చిపోతుంది, ముఖం మన దగ్గరుంది, ఒళ్ళు మన దగ్గరుంది, పిక్చర్ పూర్తిచేసి అప్పుడు చెబుదాం అన్నారు.”

“ఒళ్ళు అంటే సెబాస్టియన్.”

“అవును సర్.”

“ఇంత చేసినవాళ్ళు ఈ నవ్వు షాట్ ఎందుకు తీశారు?”

“వద్దన్నాను సర్! ఎందుకిప్పుడు అన్నాను. శవం షాట్ తీసి నవ్వు తియ్యకపోతే పిక్చర్‌కి మంచిది కాదు, ఇప్పటికే ఒకటి జరిగింది అన్నారు. కెమెరా ఆయనే ఆన్ చేశారు. నవ్వరా, నవ్వరా అని అరిచారు. సెబాస్టియన్ నవ్వలేకపోయాడు. సృజన్ బాబూ అని ఏడుస్తూనే ఉన్నాడు.” తెర వైపు చూపించింది. “కింద ముఖం ఏడుస్తోంది. పైన నవ్వు నేను వేశాను.”

త్రినాథరావు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టందే స్విచ్ వెయ్యనివాళ్ళు. ఒక తల్లికి ఇంకొకరి కొడుకుని పెట్టెలో పెట్టి ఇవ్వడానికి వెనకాడలేదు. నవ్వు షాట్ ఒక్కటి మానేసుంటే ఈ జన్మలో దొరికేవాళ్ళు కాదు. అది మాత్రం మానలేకపోయారు.

“సెబాస్టియన్ ఎలా ఒప్పుకున్నాడు?” రవిచంద్ర అడిగాడు. “తల్లి గుండె బాదుకుంటుంటే నేన్ జూసిన. గా పెట్టె ఆమెకు అప్పజెప్పింది నేనే. కన్నతల్లిని గట్ల ఏడిపిస్తడా కొడుకు?”

“ఆయనకి తెలీదు సర్.”

“ఏం తెలీదు?”

“తను చచ్చిపోయినట్టు బయట అనుకుంటున్నారని తెలీదు. వాళ్ళమ్మకి నిజం చెప్పేశాం, ఆవిడ ఒప్పుకుంది అని చెప్పాం. ఫోన్ ఇవ్వలేదు. అమ్మతో మేమే వీడియోలో కలుపుతాం.” గీతిక ఒక ఫైల్ మీద నొక్కింది.

తెర మీద పుష్పకుమారి కనపడింది. తెల్ల చీర లేదు. ఏడ్చిన కళ్ళు లేవు. చక్కగా దువ్వుకుని, జాకెట్‌కి పిన్ను పెట్టుకుని, చిరునవ్వుతో ఉంది.

“నేను బాగానే ఉన్నాన్రా సెబా” అంది తెర మీది పుష్పకుమారి. “దిగులు పెట్టుకోకు. పని పూర్తిచేసుకునే రా. ప్రభువు నీకు తోడుంటాడు.”

“ఆవిడ ఫోటోలెక్కడివి మీకు?” త్రినాథరావు అడిగాడు. అడుగుతుంటేనే జవాబు తట్టింది.

“సమాధుల తోటలో కంపెనీ వాళ్ళు వీడియో తీశారు సర్. ఆవిడ ఏడుస్తున్నప్పుడు. ఆ ఏడుపులోంచి గొంతు తీసుకున్నాం.”

రవిచంద్ర టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. చాలాసేపు దాన్ని మళ్ళీ పెట్టుకోలేదు.

* * *

“సెబాస్టియన్ ఎక్కడ?”

“మేడ మీద, మేకప్ రూమ్ పక్కన.”

ముగ్గురూ మెట్లెక్కారు. తలుపు తీసే ఉంది. మంచం, కాలిన చేతులకి రాసే మందు గొట్టం, సగం తిన్న ఇడ్లీల ప్లేటు. ఇడ్లీ ఇంకా మెత్తగానే ఉంది. మనిషి లేడు.

గీతిక తలుపు పట్టుకుని నిలబడింది. “లాస్ట్ షాట్ అవుట్‌డోర్‌లో అన్నారు. కానీ రేపు కదా... సుబ్రహ్మణ్యం సర్ ఫోన్ ఆఫ్‌లో ఉంది. లాప్‌టాప్ కూడా తీసుకెళ్ళారు.”

“ఏంటమ్మా ఆ షాట్?”

“క్లయిమాక్స్‌లో రెండో క్లోన్ కొండ అంచు మీద నుంచి నీళ్ళలోకి దూకుతాడు. పాత రాళ్ళ క్వారీ ఏదో చూశారు, అందులో నీళ్ళున్నాయి. ఎక్కడో నాకు చెప్పలేదు సర్. ఆ షాట్ తీసి గుమ్మడికాయ కొట్టేస్తారు. అంతే, పిక్చర్ అయిపోయినట్టే.”

గుమ్మడికాయ కొడితే షూటింగ్ ముగిసినట్టు. ఒంటితో ఇక పని లేదు.

“కాలిన చేతులతో ఈదలేడు” అన్నాడు త్రినాథరావు. “పోతే ఎవరు అడుగుతారు ఇన్‌స్పెక్టర్ గారూ? మీరు అతని ఫైల్ మూసేశారు. తల్లి అతనికి సమాధి కట్టించేసింది. ఒకసారి చచ్చినవాడు మళ్ళీ చస్తే అడిగే దిక్కుండదు.”

రవిచంద్ర అప్పటికే ఫోన్ తీశాడు. చుట్టుపక్కల క్వారీలన్నిటికీ మనుషుల్ని పంపమని గట్టిగా అరిచాడు. పెట్టేసి తల పట్టుకున్నాడు. “ఊరి చుట్టూ ఎన్ని గుంతలున్నయో దేవునికే ఎరుక. ఎక్కడని దేవులాడాలె?”

“లాప్‌టాప్ తీసుకెళ్ళాడన్నావు. దాంతో ఏం చేస్తాడు?” త్రినాథరావు గీతికని అడిగాడు.

“లీలాకుమారిగారికి కాల్ దాన్నుంచే వెళ్తుంది సర్. రోజూ సాయంత్రం ఆరున్నరకి దానంతటదే వెళ్తుంది. కావాలంటే సర్ మధ్యలో టైపు చేసి ఏమైనా మాట్లాడించొచ్చు. వెళ్ళకపోతే ఆవిడకి అనుమానం వస్తుందని ఒక్కరోజు కూడా ఆపలేదు. ఆవిడ ఫోన్లో ఎవరితో మాట్లాడినా అది వింటుంది కూడా.”

రవిచంద్ర తలెత్తాడు. “కాల్ నడుస్తున్నంతసేపు ఏడ నుంచి వస్తుందో మా సైబర్ టీమ్ పట్టుకుంటది. కట్ అయితే పాయె. ఎంత ఎక్కువసేపు నడిస్తే అంత మంచిది.”

అతను చెప్పేది త్రినాథరావుకి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండును అనిపించింది.

“ఆవిడకి నేను చెప్తాను” అన్నాడు. “పుష్పకుమారిగారికి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పొద్దండీ. కొడుకు దొరికాకే చెబుదాం. ఆవిడ అతణ్ణి రెండోసారి పోగొట్టుకోకూడదు.”

* * *

సాయంత్రం ఆరు దాకా వెతికినా ఏ క్వారీలోనూ ఆచూకీ దొరకలేదు. లీలాకుమారి తలుపు తీసి, త్రినాథరావు ముఖం చూసింది. వెనకాల టోపీ చేత్తో పట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌ని చూసింది. ఏమీ అడగకుండా లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది.

“లేడు కదూ?”

“లేడండీ.”

ఆమె ఏడవలేదు. చేతి గాజుని చుట్టూ తిప్పుతూ కూర్చుంది. త్రినాథరావు ఉన్నదున్నట్టు చెప్పాడు. నిద్రలోనే పోయాడని రెండుసార్లు చెప్పాడు.

“ఎక్కడ ఉంచారండీ వాణ్ణి?”

“క్రైస్తవుల సమాధుల తోటలో. సెబాస్టియన్ పేరు మీద.”

“ఎవరూ లేకుండా పడున్నాడా అక్కడ?”

“లేదండీ. సెబాస్టియన్ వాళ్ళమ్మ రోజూ వెళ్తోంది. పొద్దున్నే పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, చాలాసేపు కూర్చుని వస్తోంది. తన కొడుకే అనుకుని.”

లీలాకుమారి కళ్ళు అప్పుడు నిండాయి. “నేను ఇక్కడ ఫోన్ తుడుచుకుంటూ కూర్చున్నాను. నా బిడ్డ దగ్గర ఎవరో తల్లి కూర్చుందన్నమాట.”

“ఆవిడ కొడుకు బతికున్నాడమ్మా” అన్నాడు రవిచంద్ర. “ఇంకెంతసేపు ఉంటడో తెల్వదు. మీరే సాయం జెయ్యాలె.”

చెయ్యాల్సింది విని ఆమె తలెత్తి చూసింది. గోడ గడియారం ఆరుంబావు దాటింది.

“నా కొడుకు పోయాడని చెప్పి, పట్టుమని పది నిమిషాలు కాకుండానే వాడి ముఖంతో నవ్వుతూ మాట్లాడమంటున్నారు.”

“అవునండీ” అన్నాడు త్రినాథరావు. “ఇంతకంటే పాపపు మాట నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు.”

ఆమె లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినపడింది. బయటికొచ్చేసరికి ముఖం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని ఉంది. ఫోన్‌ని టేబుల్ మీద నిలబెట్టింది. రవిచంద్ర వరండాలోకి వెళ్ళి సైబర్ వాళ్ళకి లైన్ కలిపాడు. త్రినాథరావు కర్టెన్ వెనక్కి వెళ్ళాడు.

ఫోన్ మోగింది.

సృజన్ ముఖం వెలిగింది. పెదవి ఎడమ పక్కకి వంచి నవ్వింది.

“అన్నం తిన్నావా అమ్మా?”

“తిన్నాన్రా. ఇవాళ నీకిష్టమని పనసపొట్టు కూర చేశాను.”

“మోకాళ్ళెలా ఉన్నాయి?”

“తగ్గాయి నాన్నా. నువ్వు చెప్పినట్టే నూనె రాస్తున్నాను.”

నవ్వు ఆగిపోయింది. తెర మీద ముఖం కదలకుండా ఆమెనే చూస్తోంది. కళ్ళు ఆర్పలేదు. అవతల ఎవరో టైపు చేస్తున్నారని త్రినాథరావుకి తెలిసిపోయింది.

“అమ్మా” అంది ఆ ముఖం, అదే ప్రేమగా. “నీ పక్కన ఎవరున్నారు?”

వరండాలోంచి రవిచంద్ర చెయ్యి ఊపాడు. ఇంకాసేపు. ఇంకాసేపు.

లీలాకుమారి కర్టెన్ వైపు చూడలేదు. ముందుకి వంగి, వేలి చివరతో ఆ చెంపని తాకింది.

“ఎవరూ లేర్రా” అంది. “నేనొక్కదాన్నే. నాకిక్కడ ఎవరున్నారు చెప్పు? కట్ చెయ్యకు నాన్నా, ఇంకాసేపు మాట్లాడు.”